ఆంగ్ల పాఠంతో మనుషులను దిద్దిన నాయుడుగారు

కాకినాడ పి.ఆర్. కళాశాల పేరు వినగానే గుర్తుకు వచ్చే మహనీయుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు. 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. హైదరాబాదులోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి ఆంగ్లంలో ఎం.ఎ. పట్టా పొందారు.

ఆ రోజుల్లో అంత చదివినవారికి సర్కారు కొలువు దొరకడం కష్టం కాదు. నాయుడుగారు మాత్రం బోధననే ఎంచుకున్నారు. చిన్న వయస్సులోనే భార్య మరణించినా మళ్ళీ పెళ్ళి తలపెట్టలేదు.

సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో పనిచేసి, 1904లో కాకినాడ వచ్చారు. 1919 వరకు ఇక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆంగ్ల సాహిత్యం బోధిస్తూనే శీలాన్ని, సాటి మనిషిపై గౌరవాన్ని విద్యార్థులకు నూరిపోశారు. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆయన శిష్యులే.

అంటరానివారని ఊరి వెలుపల ఉంచిన కుటుంబాల పిల్లలకు, ఆడపిల్లలకు కళాశాల తలుపులు తెరిచారు. ఆనాడు అది తేలికైన పని కాదు. వారు తలదాచుకునే చోటు కూడా లేకపోతే చదువు సాగదని గ్రహించి, వసతి గృహం, అనాథాశ్రమం నడవడానికి పాటుపడ్డారు. పిఠాపురం రాజావారు అండగా నిలిచారు. నాయుడుగారి జీతం చాలావరకు పేద విద్యార్థులకే పోయేది.

శుభకార్యాల్లో భోగం మేళాలు పెట్టించే ఆచారాన్ని గట్టిగా ఎదిరించారు. ఎంతటి పెద్దల ఇంట జరిగినా ఆ మేళానికి వెళ్ళేవారు కాదు.

1925 నుంచి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. సర్ బిరుదు వచ్చినా తెల్లని దుస్తులు, నిరాడంబర జీవితం మారలేదు. 1939 మే 26న కన్నుమూశారు. చదివిన చదువును పదిమందికి మెట్టుగా వేసిన ధన్యజీవి ఆయన.