కోరంటి కట్టించిన నవాబు

హైదరాబాదు నల్లకుంటలో జ్వరాల ఆసుపత్రి ఉంది. బోర్డు మీద సర్ రోనాల్డ్ రాస్ పేరు కనిపిస్తుంది. కాని పాత హైదరాబాదీలకు, ఖమ్మం వైపు నుంచి రోగిని తీసుకొని వెళ్ళే మా పెద్దలకు అది కోరంటి దవాఖానా. క్వారంటైన్ అనే ఇంగ్లీషు మాట జనం నోట నలిగి కోరంటి అయింది. అంటు రోగం వచ్చినవాణ్ణి ఇంటివాళ్ళ నుంచి వేరుచేసి ఉంచే చోటు అని దాని అర్థం. అలాంటి చోటికి ఎవరు ఇష్టపడి వెళతారు? అయినా ఒకప్పుడు భయపెట్టిన ఆ మాట ఇవాళ ఇంటి మాట అయిపోయింది.

ఆ దవాఖానా ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం నాటిది. ఆయన సంపద గురించి, పొదుపు గురించి, పాత టోపీ గురించి కథలు చాలా విన్నాం. ఈ శుక్రవారం వాటిని పక్కన పెట్టి, మహమ్మారి ఎదురైనప్పుడు ఆయన ఏం చేశారు, జనం దాన్ని ఎలా తీసుకున్నారు అన్న కోణం నుంచి ఆయన జీవితాన్ని చెప్పుకుందాం.

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ లో హైదరాబాదులో పుట్టారు. తండ్రి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. జనం ఆయనను ప్రేమగా మహబూబ్ అలీ పాషా అనేవారు. పాము కరిస్తే ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందని హిందువులు, ముస్లిములు అందరూ నమ్మేవారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు ఆయన తన మహళ్ళ తలుపులు నిరాశ్రయులకు తెరిపించారు. వరద తగ్గింది గాని జనం ఆ సాయాన్ని మరచిపోలేదు. 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూశారు. అదే రోజు 25 ఏళ్ళ కొడుకు గద్దెకు వచ్చాడు. తండ్రికి వరద ఎదురైతే కొడుక్కి ప్లేగు ఎదురైంది. ఆ ఏడాదే అది నగరంలోకి వచ్చింది.

వరదలో మునిగేవాణ్ణి కాపాడితే చేతులెత్తి దండం పెడతాడు. ప్లేగులో కాపాడవలసినవాణ్ణి ముందు ఇంట్లోనుంచి బయటికి పంపాలి, రోగిని బిడ్డల నుంచి విడదీయాలి, గుడ్డలు కాల్చాలి. కాపాడే చెయ్యే శత్రువు చెయ్యిలా కనిపిస్తుంది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైనప్పుడు ఇంగ్లీషు ప్రభుత్వం ఈ పనులన్నీ సిపాయిలతో చేయించింది. ఇళ్ళలో చొరబడి సోదాలు చేశారు, పరదాలో ఉన్న ఆడవాళ్ళను కూడా వదల్లేదు. 1897 జూన్ లో పుణెలో ప్లేగు అధికారి ర్యాండ్ ను చాపేకర్ సోదరులు కాల్చారు. 1898 మార్చిలో బొంబాయిలో, 1900లో కాన్పూరులో అల్లర్లు జరిగాయి. వాటి తర్వాతే ప్రభుత్వం తన పట్టు సడలించుకుంది. ఈ కథ అంతా కళ్ళముందు ఉండగా కొత్త నిజాం పాలన మొదలైంది.

ఈ సమస్య ముస్లిములకు కొత్తది కాదు. హిజ్రీ 18వ సంవత్సరం ప్రాంతంలో, అంటే 639 నాటికి, సిరియాలో అమ్వాస్ ప్లేగు చెలరేగింది. అటు ప్రయాణమైన ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఆ వార్త విని ఆగిపోయారు. ముహాజిర్లను అడిగారు, అన్సార్లను అడిగారు, ఖురైషు పెద్దలను అడిగారు. చివరికి వెనక్కి తిరగాలని నిర్ణయించారు. సేనాని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అందరి ముందే ఆక్షేపించారు. ఇది అల్లాహ్ రాసిపెట్టిన దాని నుంచి పారిపోవడం కాదా అన్నది ఆయన ప్రశ్న. ఖలీఫా కోపగించలేదు. పచ్చిక ఉన్న గట్టున ఒంటెల్ని మేపినా, ఎండిన గట్టున మేపినా రెండూ అల్లాహ్ నిర్ణయమే కదా అని నచ్చజెప్పారు. రోగం ఉన్న ఊరికి పోవద్దని, ఉన్నచోటి నుంచి పారిపోవద్దని దైవప్రవక్త (స) చెప్పిన సంగతిని ఆ తర్వాత అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి తెలిపారు. ఇందులో మనం చూడవలసింది పాలకుడు సలహా అడగడం, ప్రజల్లో ఒకడు నిలబడి ప్రశ్నించడం, దానికి కారణంతో జవాబు దొరకడం.

ఉస్మాన్ అలీఖాన్ ఖలీఫా కాదు, ఆనాటి రాజుల్లాంటి రాజు. ఆయన పద్ధతి ఫర్మానా పద్ధతి. అయితే ఆయన ఫర్మానాలకు కొంత ముందుచూపు ఉంది. 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. గాలి వెలుతురు లేని ఇరుకు బస్తీలను తొలగించి, వీధులు వెడల్పు చేసి, మురుగు పోయే దారి కల్పించి, కొత్త ఇళ్ళు కట్టడం దాని పని. ప్లేగు ఎలుకల మీది గోమార్లతో వస్తుందని అప్పటికి తేలిపోయింది. ఎలుకలు ఎక్కడ కాపురం ఉంటాయో అక్కడే పేదవాడూ కాపురం ఉన్నాడు. నాంపల్లి, సుల్తాన్‌షాహీ వంటి చోట్ల పాత ఇళ్ళు పోయి వరుస ఇళ్ళు వచ్చాయి. ఇల్లు పోయినవాడికి వెడల్పు వీధి అందం వెంటనే కనిపించదు. కొత్త ఇల్లు దొరికినవాడు దువా చేశాడు, దొరకనివాడు శాపం పెట్టాడు. రెండూ న్యాయమే.

1915లో ఎర్రన్నగుట్ట దగ్గర క్వారంటైన్ ఆసుపత్రి వెలిసింది. 1923లో అది ఇప్పుడున్న చోటికి మారింది. మూసీకి, దాని ఉపనది ఈసీకి అడ్డంగా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు తలపెట్టిన ఆనకట్టల్లో ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి పుట్టిన ఈ చెరువులు నగరానికి మంచినీరు కూడా ఇచ్చాయి. మంచినీరు వస్తే గత్తర తగ్గుతుంది. 1925లో మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి తెరుచుకుంది. డాక్టరు మందంటే బెదిరి హకీము దగ్గరికే పోయేవారు చాలామంది ఉండేవారు. నిజాం వాళ్ళనూ వదల్లేదు. చార్మినారు పక్కన పెద్ద యునానీ దవాఖానా కట్టించారు. తమకు అలవాటైన వైద్యం సర్కారు గడపలోనే దొరికితే సర్కారు మీద జనానికి గురి కుదురుతుంది.

అయితే ఈ దీపాలన్నీ ఎక్కువగా నగరంలోనే వెలిగాయి. మేము ఉండేది తిరుమలాయపాలెంలో. అప్పుడు ఖమ్మం జిల్లా లేదు, అది 1953లో ఏర్పడింది. అంతవరకు మేము వరంగల్లు కింద ఉండేవాళ్ళం. గోదావరి వైపు పోతే అడవులు, వాటి అంచున చలిజ్వరం. భద్రాచలం అయితే అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. సికింద్రాబాదు నుంచి ఖమ్మం మీదుగా బెజవాడకు 1889 నాటికే రైలు నడిచింది. బేరగాళ్ళను, కూలీలను తెచ్చిన రైలే రోగాన్నీ మోసుకొస్తుంది. కాని రోగం వెంట డాక్టరు రాలేదు. సర్కారు భాష ఉర్దూ, ఊరి భాష తెలుగు. రోగం గురించిన ఉత్తర్వు పట్వారీ దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి దండోరాగా మారేసరికి అందులోని కారణం ఎగిరిపోయి బెదిరింపు మాత్రమే మిగిలేది. కాబట్టి జనం తమకు తెలిసిన దారి పట్టారు. ఎలుకలు రాలితే ఊరు విడిచి చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. ఒకరకంగా అది మంచి వైద్యమే.

1918వ సంవత్సరం ఈ తేడాను బాగా చూపిస్తుంది. ఆ ఏడాది ఇంగ్లీషు ప్రభుత్వం, యుద్ధంలో భారీగా ధనసహాయం చేసినందుకు నిజాంకు కొత్త బిరుదులిచ్చింది. ఆ ఏడాదే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ ఏడాదే వానలు పోయాయి, బొంబాయి రేవు నుంచి ఇన్‌ఫ్లుయెంజా దేశమంతటా పాకింది. దేశంలో 1 కోటి 20 లక్షల నుంచి 2 కోట్ల దాకా చనిపోయారని అంచనా. హైదరాబాదు రాజ్యంలో 1911 జనాభా లెక్కల్లో 1 కోటి 33 లక్షలమంది ఉంటే 1921లో 1 కోటి 24 లక్షలే ఉన్నారు. పదేళ్ళలో జనం పెరగాల్సింది పోయి తొమ్మిది లక్షలు తగ్గారు. జ్వరం, ప్లేగు, కరువు అన్నీ కలిసి చేసిన పని అది. బిరుదుల సంగతి జరీదాలో అచ్చయింది. పోయినవారి సంగతి పోలీసు పటేలు రాసిన చావుల లెక్కలో, అది రాసిన చోట, ఒక గీతగా మిగిలింది.

మా వైపు మేలు ఏమీ జరగలేదనడం కూడా అన్యాయమే. పొరుగున కూసుమంచి మండలంలో ఉన్న పాలేరు జలాశయం, అటు వైరా జలాశయం నిజాం కాలం నాటివే. ఇవాళ్టికీ ఆ నీళ్ళు తాగుతున్నాం, ఆ నీళ్ళతో పండించుకుంటున్నాం. కాని 1940లలో వెట్టి, లెవీ ధాన్యం, దొరల దౌర్జన్యం, చివర్లో రజాకార్ల ఆగడాలు మా ఊళ్ళను కాల్చాయి. వాటిని ఆపవలసిన పాలకుడు ఆపలేదు. చెరువుతో సంపాదించుకున్న పేరు అలా మంటలో పోయింది. 1948 సెప్టెంబరులో రాజ్యం భారతదేశంలో కలిసింది. తర్వాత ఉస్మాన్ అలీఖాన్ 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్ గా ఉన్నారు. ఆయన నెలకొల్పిన ధర్మనిధి ఒక ఎముకల ఆసుపత్రిని కట్టించింది. అదే తర్వాత నిమ్స్ అయింది. పంజగుట్టలో ఆ ఆసుపత్రి ముందు వరుసలో నిలబడేవారిలో ఖమ్మం పల్లెలవాళ్ళు ఈనాటికీ ఉంటారు.

1967 ఫిబ్రవరి 24న ఆయన కింగ్ కోఠీలో కన్నుమూశారు. ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి పక్కన ఖననం చేశారు. గద్దె పోయి పద్దెనిమిదేళ్ళు దాటినా ఆయన జనాజా వెంట లక్షలాది జనం నడిచారు. వాళ్ళలో అన్ని మతాలవారూ ఉన్నారు. అలాగే ఆ రోజున కన్నీరు కార్చని పల్లెలూ ఉన్నాయి.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో జనం ఊరి మొదట ముళ్ళకంప అడ్డం వేశారు. మసీదుల్లో జుమా జమాతులు ఆగి, ఇళ్ళలోనే జుహర్ చదువుకున్నాం. సర్కారు చేసింది చాలదని కొందరు, మరీ ఎక్కువైందని కొందరు అన్నారు. అంతా మూసేస్తే కూలివాడు ఏం తినాలని అడిగినవారూ ఉన్నారు. వందేళ్ళ కిందటి ప్రశ్నలే అవి. ప్రశ్నించినంత మాత్రాన ఎవరూ ద్రోహి కారు. అబూ ఉబైదా (రజి) ఖలీఫానే అడిగారు.

కాబట్టి మన పిల్లలకు ఏడవ నిజాం గురించి చెప్పేటప్పుడు తక్కెడ సరిగా పట్టుకుందాం. కోరంటి, ఉస్మానియా, గండిపేట ఒక పళ్ళెంలో పెడదాం. 1918లో మందు అందక పోయిన పల్లెలను, 1948కి ముందు కాలిన పల్లెలను రెండో పళ్ళెంలో పెడదాం. ఏ పళ్ళెం మీదా వేలు ఆనించవద్దు. రేపు మరో రోగం వస్తే మన పాలకులను కూడా ఈ తక్కెడతోనే తూచాలి. ఉత్తర్వుతో పాటు దానికి కారణం చెప్పారా, ఇల్లు కదిలించినవాడికి నీడ చూపించారా, ఆ మాట తిరుమలాయపాలెం వంటి ఊరికి మా భాషలో చేరిందా అని అడగాలి. అలా అడగడం మన హక్కు, జవాబు చెప్పడం వాళ్ళ బాధ్యత.