జీగెన్‌బాల్గుగారును చిన్న అచ్చక్షరములును

బర్తొలొమేయు జీగెన్‌బాల్గుగారు జర్మనీలోని సాక్సొనీ సీమయందు పుల్స్‌నిట్సు అను చిన్న పట్టణమున 1682వ సంవత్సరము జూలై 10వ తేదీని జన్మించిరి. బాల్యముననే తల్లిదండ్రులు గతించిరి, దేహమా దుర్బలము. హాల్లే నగరమున విద్య నభ్యసించిన పిమ్మట, డెన్మార్కు రాజగు నాల్గవ ఫ్రెడరిక్కు పిలుపు నందుకొని, ప్లూట్షౌగారితోకూడ 1706వ సంవత్సరము జూలై 9వ తేదీని తరంగంబాడిలో దిగిరి.

అరవమున ఒక్క అక్షరమైన నెరుగనివా రగుటచే, ఒక వృద్ధ పంతులుగారిని బడితోకూడ తమ యింటికి పిలిపించుకొని, పసిబిడ్డల నడుమ గూర్చుండి యిసుకపై వ్రేలితో అక్షరములు దిద్దిరి. దిద్దుటకు విసుగుకొను మన బాలురు దీనిని గమనింతురు గాక! 1708లో క్రొత్త నిబంధనను అరవమున ననువదింప నారంభించి, నడుమ దేనిష్ గవర్నరు ఆగ్రహముచే నాలుగు మాసములు ఖైదున నుండి, 1711లో ముగించిరి.

ఇక అచ్చు. లండనునుండి అచ్చుయంత్రమును దెచ్చుచున్న ఓడను ఫ్రెంచివారు బ్రెజిలు తీరమున బట్టుకొనిరి. సొమ్మిచ్చి యంత్రమును విడిపింపవలసి వచ్చెను. వెంట వచ్చుచుండిన ముద్రాపకుడు త్రోవలోనే మరణించెను. 1712లో యంత్రమును, 1713లో హాల్లేలో చెక్కిన అరవ అక్షరములును చేరినవి.

ఆ అక్షరములు మిక్కిలి పెద్దవి. పుటకు బట్టు పంక్తులు కొద్ది. కాగితమో, సముద్రము దాటి రావలెను. ఓడ జాగు చేసినచో పని నిలిచిపోవును. సువార్తలును అపొస్తలుల కార్యములును 1714లో అచ్చగునప్పటికే కొరత తోచెను. తక్కిన పత్రికలు వ్రాతలోనే మిగిలిపోవునేమో యను భయము గలిగెను.

హాల్లేనుండి వచ్చిన ఆడ్లరుగారు సమీపమున పొరయారులో చిన్న అక్షరములు పోతపోయ బూనిరి. సీసము లేదు. ఇంగ్లండునుండి జున్ను వచ్చెడి డబ్బాల సీసపు మూతలను గరగించిరి! తినుబండారపు మూత పౌలు పత్రికకు అక్షరమాయెను. మన పై తరగతి బాలురు లెక్కగట్టి చూడవచ్చును: అక్షరము ఎత్తునను వెడల్పునను సగమైనచో కాగితము నాలుగవ వంతే చాలును. అయినను మితిమీరి చిన్నదైనచో వంకరలలో సిరా నిండి అక్షరము పూడిపోవును. చదువువానికి కన్నులు నొచ్చును. ఆ మేర యెరిగి పోయుటయే పనివాని నేర్పు. నా మట్టుకు, యంత్రము వచ్చుటకంటె నీ చిన్న అక్షరములే గొప్ప సంగతిగా దోచును.

1714లో జీగెన్‌బాల్గుగారు ఐరోపాకు వెళ్లగా, సహచరులైన గ్రుండ్లరుగారు 1715లో గ్రంథము ముగింపించిరి. ఆ యేడే పొరయారున కాగితపు కార్ఖానాయు నెలకొల్పిరి గాని అది చిరకాలము నిలువలేదు. జీగెన్‌బాల్గుగారు మరలివచ్చి, పాత నిబంధనను రూతువరకు ననువదించి, 1719వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీని, 36వ యేట, తరంగంబాడిలోనే పరమపదించిరి. మిగిలిన భాగమును పూర్తిచేసిన షుల్జుగారు పిమ్మట చెన్నపట్టణమున మన తెలుగును నేర్చి, 1746లో హాల్లేయందు తెలుగు అక్షరములతో పుస్తకము నచ్చొత్తించిరి.