రాత్రిపూట వచ్చి వెళ్లే మెహమాన్లకు లెక్క రాసిన సలీం అలీ

బొంబాయిలోని ఖేత్‌వాడీ. పది పన్నెండేళ్ల పిల్లాడు బొమ్మ ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. ఆ ఇంట్లో పిల్లలు కొట్టిన పిట్టలు నేరుగా వంటింటికి వెళ్లడం మామూలే. కానీ ఈ పిచ్చుక గొంతు మీద కూర మరక పడ్డట్టు పసుపు మచ్చ ఉంది. ఇలాంటిది ముసల్మాన్లు తినొచ్చా అని పిల్లాడికి అనుమానం వచ్చింది. పట్టుకెళ్లి మామూకి చూపించాడు. మామూ అమీరుద్దీన్ తయ్యబ్జీకి కూడా అది ఏ పిట్టో తెలీలేదు. ఒక చీటీ రాసిచ్చి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ సెక్రటరీ మిల్లార్డ్ దొర దగ్గరికి పంపించారు.

దొర చూడగానే అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పేశాడు. అంతటితో పంపేయలేదు. బీరువా సొరుగులు ఒక్కొక్కటే లాగి, దూది కూరి భద్రపరిచిన పక్షుల్ని వరసగా చూపించాడు. ఒక్కోదానికీ ఒక చీటీ: పేరు, దొరికిన ఊరు, తేదీ. హలాలా కాదా అని అడగడానికి బయల్దేరిన పిల్లాడు ఇంకో ప్రశ్నతో ఇంటికొచ్చాడు. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి, ఎన్ని వస్తాయి?

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో, సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. ఏడాది వయసులో అబ్బా, మూడేళ్లకి అమ్మీ పోయారు. పిల్లల్లేని మామూ, ఆయన భార్య హమీదా బేగం ఆయన్నీ తోబుట్టువుల్నీ పెంచారు. చదువు అంతంతమాత్రం. తలనొప్పుల వల్ల కొన్నాళ్లు సింధ్‌లో ఉన్నారు. 1913లో మెట్రిక్ పాసయ్యారు. తర్వాత బర్మాలోని తవోయ్‌లో కుటుంబం చేసే టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం చూసుకోవడానికి వెళ్లి, గనుల కన్నా అడవుల్లోనే ఎక్కువ తిరిగారు. వ్యాపారం అచ్చిరాలేదు. 1917లో తిరిగొచ్చి దావర్స్ కాలేజీలో కమర్షియల్ లా, అకౌంటెన్సీ చదివారు. బీకాం చదివిన నాకు ఈ ముక్క తెలిసినప్పుడు కాస్త గర్వంగానే అనిపించింది. డెబిట్, క్రెడిట్ నేర్చుకుంటూనే ఇంకోపక్క సెయింట్ జేవియర్స్ కాలేజీలో జువాలజీ క్లాసులకూ వెళ్లేవారు. 1918 డిసెంబర్‌లో తహ్మీనాతో నికాహ్ అయింది.

1926లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. రెండేళ్లకి సెలవు పెట్టి జర్మనీ వెళ్లారు. బెర్లిన్‌లో ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ దగ్గర పనిచేస్తూ, ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ అనే చిన్న దీవికీ వెళ్లారు. వలస పక్షులకు అదొక సరాయి లాంటిది. కాలికి నంబరు చెక్కిన రింగు తొడిగి వదిలేసే పని ఆయన అక్కడే నేర్చుకున్నారు.

రింగు ఎందుకంటే, చిన్న పిట్టల్లో చాలా వరకు రాత్రిపూటే వలస వెళ్తాయి. చల్లటి గాలి, డేగల భయం తక్కువ, పగలంతా మేతకు వీలు. చీకట్లో ఒకదాన్నొకటి వదలకుండా ఉండటానికి చిన్న చిన్న కూతలు వేస్తాయి. అవి పాటలు కావు, అర సెకను కూడా ఉండవు. తెలిసిన చెవి ఉంటే, ఆ కూతను బట్టి ఏ జాతో పోల్చొచ్చు. సలీం అలీ పుట్టిన 1896లోనే సెప్టెంబర్‌లో ఒక రాత్రి, అమెరికాలోని మాడిసన్ ఊరి దగ్గర లిబ్బీ అనే ఆయన కూర్చుని ఐదు గంటల్లో 3,800 కూతలు లెక్కపెట్టారు. ఇప్పుడు మేడ మీద మైకు పెట్టి రాత్రంతా రికార్డు చేసి, కంప్యూటర్ తెర మీద ఆ శబ్దాల బొమ్మలు చూసి జాతులు పోల్చుతున్నారు. ఇందులో ఒక చిక్కుంది. ఒకే పిట్ట పదిసార్లు కూయొచ్చు, ఇంకోటి అసలు కూయకపోవచ్చు. కూతల లెక్క పక్షుల లెక్క కాదు. రింగు నంబరుకు ఆ గొడవ లేదు, ఒక పిట్టకు ఒకటే. కానీ రింగు వేయాలంటే పిట్టను పట్టాలి, వేసింది మళ్లీ ఎవరికో దొరకాలి.

1930లో తిరిగొచ్చేసరికి ఉద్యోగమే తీసేశారు. బొంబాయిలో ఇల్లు గడవడం కష్టమై, అలీబాగ్ దగ్గర కిహీంలో సముద్రం ఒడ్డున ఉన్న ఇంటికి మారారు. అక్కడ గిజిగాళ్ల కాపురాలు గమనించి రాసిన వ్యాసంతో పేరొచ్చింది. డబ్బు రాలేదు. అప్పుడు సంస్థానాలకు ఒక బేరం పెట్టారు. జీతం అక్కర్లేదు, క్యాంపు ఖర్చులు ఇస్తే మీ రాజ్యంలో పక్షుల సర్వే చేసిపెడతాను అని. ముందు ఒప్పుకున్నది మన హైదరాబాద్ సంస్థానం. 1931-32లో అమ్రాబాద్ అడవుల దాకా తిరిగారు. వెంట తహ్మీనా. ఇంగ్లండ్‌లో చదువుకున్న ఆమె గుడారాల్లో ఉంటూ క్యాంపు పనులన్నీ చూసుకునేవారు. హైదరాబాద్ తర్వాత కొచ్చిన్, తిరువాంకూర్, గ్వాలియర్, ఇండోర్, భోపాల్. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత తహ్మీనా చనిపోయారు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్క కమ్మూ ఇంట్లో ఉండిపోయారు. 1941లో ఆయన రాసిన భారతీయ పక్షుల పుస్తకం ఇప్పటికీ అచ్చవుతోంది.

పిచ్చుక నాటి రెండో ప్రశ్నకు జవాబు వెతకడానికి వీలు 1959 తర్వాతే దొరికింది. అదీ ఒక జబ్బు వల్ల. 1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపోయాయి, మనుషులకు జ్వరాలొచ్చాయి. ఆ వైరస్ రష్యాలో ఉన్న వైరస్‌లను పోలి ఉంది. సైబీరియా నుంచి వచ్చే పక్షుల ఒంటి మీది పిడుదుల్లో వచ్చిందేమోనని అనుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం చేసింది. సలీం అలీ రింగుల పని మొదలుపెట్టారు.

భరత్‌పూర్ చెరువుల దగ్గర పక్షుల్ని పట్టింది ఎవరో చాలామందికి తెలీదు. బీహార్ మీర్‌షికార్లు. తరతరాలుగా పక్షులు పట్టి బతికే ముస్లిం కుటుంబాలు. ఈక రాలకుండా, కాలు విరగకుండా పట్టడం వాళ్లకే తెలుసు. పట్టిన పక్షి జాతి, కొలతలు, బరువు, తేదీ, రింగు నంబరు రిజిస్టర్లో ఎక్కించి వదిలేసేవారు. ఈ పక్షి దొరికితే బొంబాయి సొసైటీకి తెలపండి అని ఇంగ్లీషులో రింగు మీద ఉంటుంది. భరత్‌పూర్‌లో తొడిగిన రింగులు సోవియట్ దేశంలో వేటగాళ్లకు దొరికి, బొంబాయికి ఉత్తరాలు వచ్చేవి. చీకట్లో కంటికి కనపడకుండా పోయిన పక్షికి అలా రెండు చివర్లూ దొరికేవి.

తర్వాత ఈ పనికి డబ్బు అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనా విభాగం నుంచి వచ్చింది. 1970ల్లో పేపర్లు పట్టుకున్నాయి. పక్షుల ద్వారా రోగాలు వ్యాపింపజేసే యుద్ధానికి ఇది తయారీయా అని రాశాయి. పార్లమెంటు కమిటీ కూడా విచారించింది. దేశమంతా మెచ్చుకునే మనిషి ముసలితనంలో దేశభక్తికి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. దాచిందేమీ లేదని, ఫలితాలన్నీ బయట పెట్టేవేనని ఆయన వాదన. నా మటుకు నాకు, డబ్బు ఇచ్చేవాడి ఉద్దేశం ఏమిటని అప్పుడే గట్టిగా అడిగి ఉండాల్సింది అనిపిస్తుంది. అడిగితే ఆ డబ్బు వచ్చేది కాదు, రింగులూ పడేవి కావు. చివరికి ఆ జబ్బును వలస పక్షులు తెచ్చాయని తేలలేదు.

1976లో పద్మవిభూషణ్, అదే ఏడాది 50,000 డాలర్ల పాల్ గెట్టీ బహుమతి వచ్చాయి. ఆ డబ్బులో ఎక్కువ భాగం పక్షుల పనికే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

ఆయనకు చివరి మంచి కబురు మన కడప నుంచే వెళ్లింది. కలివి కోడి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. సలీం అలీ పట్టు వదల్లేదు, సొసైటీ తరఫున వెతికిస్తూనే ఉన్నారు. అది వలస పక్షి కాదు, కానీ రాత్రి మాత్రమే తిరుగుతుంది. పగలు ఎంత వెతికితే ఏం లాభం? సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఊళ్లలో బొమ్మలు పట్టుకుని అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో, సిద్ధవటం వైపు రెడ్డిపల్లి దగ్గర, ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టాడు. 90కి దగ్గరపడుతున్న సలీం అలీకి కబురు చేరింది.

1987 జూన్ 20న ఆయన బొంబాయిలో కన్నుమూశారు. మరుసటి ఏడాది లంకమల అడవిని అభయారణ్యం చేశారు. కలివి కోడి కంటికి దొరకడం ఎంత కష్టమంటే, 2000 తర్వాత పరిశోధకులు దాని కూతను రికార్డు చేసి, పొద్దుగూకాక ముళ్ల పొదల మధ్య ఆ కూతనే వినిపించి, ఎక్కడి నుంచి జవాబు వస్తుందో చూసి లెక్క రాసుకున్నారు.