బిల్లసర్గం ఎముకలు చదివించిన ఫూట్ గారు

అలంపురం వైపు నుండి తుంగభద్ర దాటితే కర్నూలు. ఆ పైన బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం అనే సున్నపురాయి గుహలున్నాయి. వాటిలో ఒకదాని పేరు కెథెడ్రల్, మరొకటి ఉత్తరించు స్థలము, ఇంకొకటి ఎముకల కొట్టు. ఈ పేర్లు పెట్టింది గురువులు కారు. అక్కడ తవ్వకాలు జరిపించిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు తన భాషలో పెట్టుకున్నారు.

ఫూట్ గారు 1834లో ఇంగ్లండులోని చెల్టన్‌హామ్‌లో జన్మించారు. 1858లో భారత భూగర్భ సర్వే శాఖలో చేరి, దక్షిణ దేశమంతా తిరిగారు. బైబిలును తమిళంలోకి తేవడంలో పనిచేసిన పీటర్ పెర్సివల్ గారికి ఈయన అల్లుడు. 1863 మే 30న మద్రాసు శివార్లలోని పల్లావరంలో ఆయనకు ఒక రాతి గొడ్డలి దొరికింది. పాత రాతియుగపు మనిషి ఈ దేశంలో బ్రతికాడని లోకానికి తెలిసింది దానితోనే.

బిల్లసర్గంలో ఎముకలున్నాయని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే వ్రాశారు. నలభై ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. చివరకు ఇంగ్లండు నుండి హక్స్‌లీ గారు గుర్తు చేయగా, గవర్నరు గ్రాంట్ డఫ్ గారు 1884లో ఆ పని ఫూట్ గారికి అప్పగించారు. ఆయన మొదలుపెట్టిన తవ్వకాన్ని సైన్యంలో ఉన్న కుమారుడు హెన్రీ కొనసాగించాడు.

ఆ ఎముకలను పరీక్షించి 1886లో ప్రకటించినవారు లిడెక్కర్ గారు. ఇలాంటి పనిలో ఎక్కువ సాక్ష్యం చెప్పేది పన్ను. గడ్డి నమిలే పన్ను, మాంసం చీల్చే పన్ను, గుర్రం పన్ను, జింక పన్ను దేని తీరు దానిదే. విరిగిన దవడ ముక్కయినా చాలు. అలా ఆ మట్టిలో నుండి పులి, దుమ్ములగొండి, ఏదుపంది, మనుబోతు, అడవి గాడిద, చివరకు ఖడ్గమృగం కూడా లేచి వచ్చాయి! ఆ ఖడ్గమృగానికి ఆయన కర్నూలు పేరే పెట్టారు.

అయితే వీటిని గుహలోకి తెచ్చిందెవరు? దుమ్ములగొండి ఎముకలు ఈడ్చుకొచ్చి కొరుకుతుంది (దుమ్ము అంటే ఎముకే గదా, మన పెద్దలు ఊరికే ఆ పేరు పెట్టలేదు). ఏదుపంది కూడా గీకుతుంది. పంటిగాటు వేరు, రాతి కత్తిగాటు వేరు. కొన్ని ఎముకలు మనిషి చెక్కిన పనిముట్లని తండ్రీకొడుకులు చెప్పారు. తరువాతి పండితులలో కొందరికి నమ్మకం కుదరలేదు.

ఆ సందేహం చాలాకాలం నిలిచింది. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి గారు బేతంచెర్ల దగ్గరే ముచ్చట్ల చింతమాను గవి తవ్వగా, ఎముక పనిముట్లు, జంతువుల ఎముకలు, ఒక పొయ్యి బయటపడ్డాయి. కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 ఏళ్ల నాటిదని తేలింది. 2014లో ప్రకటించిన మరో పరిశోధన ప్రకారం, బిల్లసర్గంలో గుర్తించిన 21 రకాల జంతువులలో 20 రకాలు లక్ష ఏళ్లకు పైగా అంతరించకుండా నేటి వరకు వచ్చాయి. ఖండాంతరాలలో పెద్ద జంతువులెన్నో నశించిన కాలమది.

ఫూట్ గారు బూడిద దిబ్బలనూ వదలలేదు. అవి కాలిన పేడ కుప్పలని, పూర్వీకుల పశువుల దొడ్లని అభిప్రాయపడ్డారు. 1957లో ఆల్చిన్ గారు మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను తవ్వినప్పుడు పశువుల గిట్టల గుర్తులు అలాగే కనిపించాయి. అప్పటికి ఫూట్ గారు చనిపోయి నలభై అయిదేళ్లు. తాను ఏరిన రాతి పనిముట్లను, కుండపెంకులను 1904లోనే మద్రాసు మ్యూజియంకు అమ్మి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో కన్నుమూశారు.