అల్లూరి సీతారామరాజు

మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు 1897 జూలై 4న విశాఖపట్నం సమీపంలోని పాండ్రంగిలో జన్మించాడు. అటవీ చట్టాలు పోడు వ్యవసాయానికి అడ్డుపడగా, రోడ్డు పనులలో వెట్టిచాకిరి గిరిజనులను కుంగదీసింది. ఆయన వారికి అండగా నిలిచాడు. వరుసగా పలు తూటాలు పేల్చగల తుపాకులు అమెరికాలో 1860 నాటికే రూపొందినా, మన్యం ప్రజలకు విల్లంబులు, నాటు తుపాకులే దిక్కు. అందుచేత పాలకుల ఆయుధాలనే చేజిక్కించుకోవాలని నిశ్చయించాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలను ముట్టడించి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు స్వాధీనం చేసుకొన్నాడు. తీసుకొన్న వాటి వివరాలను ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేశాడు. ప్రభుత్వం చివరకు అస్సాం రైఫిల్స్ దళాలను రప్పించింది. 1924 మే 7న కొయ్యూరు వద్ద ఆయనను కాల్చి చంపారు. కొద్దిపాటి తుపాకులతో దాదాపు రెండేళ్ళు సామ్రాజ్యాన్ని ఎదిరించిన ఆ ధైర్యం చిరస్మరణీయం.