అల్లూరి సీతారామరాజు: ఆయుధమునకు లెక్క చెప్పిన వీరుడు

పాత ఆయుధములను సేకరించుట మన సంపన్న గృహస్థులకు చిరకాలమునుండి యున్న అభిరుచి. తాతలనాటి కత్తియు డాలును గోడను వ్రేలాడుచుండగా, వానికి తోడుగా పాతకాలపు పోలీసు రివాల్వరు నొకదానిని చేర్పవలెనని ఓరుగంటి గృహస్థుడొకడు సంకల్పించెననుకొందము. చేసిన కార్ఖానా యేది, తూటాల చక్రము సరిగా తిరుగుచున్నదా, పిడిమీది పనితనమెట్టిది అని అతడు పరీక్షించును. 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు సంపాదించును. 2019లో జరిగిన సవరణమువలన సామాన్యముగా ఒక వ్యక్తి రెండు తుపాకులకు మించి యుంచుకొనరాదు గనుక ఎన్నిక మరింత జాగ్రత్తతో చేయును. ఇదంతయు యుక్తమే. అయితే అడుగవలసిన ప్రశ్న యింకొకటి మిగిలియున్నది. ఈ ఆయుధము ఎవరి నడుమున నుండెను? ఎవరిమీద గురిపెట్టబడెను? దానిని చేతబట్టినవాడు ఎవరికి లెక్క చెప్పెను? ఈ ప్రశ్నకు తెలుగుదేశమున తన జీవితముచేతనే సమాధాన మిచ్చిన మహాపురుషుడు అల్లూరి సీతారామరాజు. పోలీసు ఆయుధములను ఆయనవలె ఎన్నుకొని సంగ్రహించినవాడు మనలో మరియొకడు లేడు.

ఆయన 1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణ మండలమందలి పాండ్రంగి గ్రామమున మాతామహుల యింట జన్మించెను. పితృవంశీయులది మోగల్లు. తండ్రి వెంకటరామరాజు రాజమహేంద్రవరమున ఛాయాచిత్రములు తీయు వృత్తిలో నుండి, కుమారునకు పట్టుమని పన్నెండేండ్లు నిండకమునుపే మరణించెను. తల్లి సూర్యనారాయణమ్మ. బాలుని చదువు ఊరూరు మారుచు సాగి, ఉన్నత విద్య వఱకు పోకయే నిలిచిపోయెను. 1916లో ఉత్తరదేశ యాత్రకు వెడలి పుణ్యక్షేత్రములు దర్శించి, మరుసటి యేట మన్యపు అంచుననున్న కృష్ణదేవిపేట చేరెను. అచ్చట జపతపములతోడను మూలికా వైద్యముతోడను కాలము గడపుచు కొండప్రజల విశ్వాసమునకు పాత్రుడయ్యెను. సహాయ నిరాకరణోద్యమ దినములలో మద్యపానము మానుడనియు, తగవులను కోర్టులకెక్కింపక పంచాయతీలలో తీర్చుకొనుడనియు వారికి బోధించెను. అప్పటికాయన చేత ఆయుధము లేదు.

ఆయుధము పట్టించినది మన్యపు దుస్థితియే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడు వ్యవసాయమునకు అడ్డుకట్ట వేసెను. తరతరములుగా తమదైన అడవిలో కట్టె కొట్టుటయు పశువుల మేపుటయు నేరములయ్యెను. నర్సీపట్టణమునుండి చింతపల్లి వైపు వేయు రోడ్డుపనికి గూడెము డిప్యూటీ తహసిల్దారు బాస్టియను కొండవారిని బలవంతముగా దింపి, న్యాయమైన కూలి చెల్లింపకపోయెను. గాము గంటందొర, మల్లుదొర సోదరులు ఆ దౌర్జన్యమునకు గురియైనవారే. అర్జీలవలన ఫలము లేకపోయెను. రాజుపై అనుమానమూనిన ప్రభుత్వము 1922 ఆరంభమున ఆయనను కొంతకాలము నిఘాలో నుంచెను. 1878 నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేక తుపాకి పట్టరాదని శాసించుచుండెను. కొండవారికి మిగిలినవి విల్లంబులు, పాత నాటు తుపాకులు మాత్రమే. ఆధునికాయుధములు దొరకు స్థలములు మన్యములో పోలీసు స్టేషనులే గదా!

1922 ఆగస్టు 22వ తేదీన సుమారు 300 మంది అనుచరులతో రాజు చింతపల్లి స్టేషనుపై బడెను. 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయొనెట్లు, 5 కత్తులు ఆయన వశమయ్యెను. మరునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు, ఆ మరునాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు చేజిక్కెను. మూడు దినములలో 26 తుపాకులు, రెండున్నరవేలకు పైబడిన తూటాలు! రాజవొమ్మంగిలో బంధితుడై యున్న వీరయ్యదొర కూడ ఆనాడే విముక్తుడయ్యెను.

ఇవి చాలవరకు కానిస్టేబులులు మోయు కార్బైనులు. రివాల్వరు అధికారి నడుమున వ్రేలాడు ఆయుధము. దగ్గరి గురికి, అధికారపు చిహ్నముగా పనికివచ్చును. కొండ కనుమలో దారి కాచి నిలుచువానికి దూరము పోవు గుండు గావలెను. ఆయనకు చిక్కిన సామగ్రి తన యుద్ధమునకు తగినదే. దానికన్న గొప్ప విషయము వేరొకటి యున్నది. తీసికొనినదేమో, ఎంతయో స్టేషను డైరీలో వ్రాసి, క్రింద తన సంతకముంచి ఆయన మరలెను. దొంగ తన దొంగతనమునకు రశీదు వ్రాయడు. తాను చేయునది ప్రజల పేర బహిరంగముగా చేయు యుద్ధమని ఆ సంతకము చాటెను.

ఆ ఆయుధములు ఎవరిపై ప్రేలవలెనను విషయమునను ఆయనకు నియమముండెను. సెప్టెంబరు 24వ తేదీన దామనపల్లి కనుమలో పోలీసు దళము నడచిపోవుచుండగా, ముందు వచ్చిన భారతీయ సిపాయీలను పోనిచ్చి, దళనాయకులైన స్కాట్ కవర్డ్, హైటరు అను ఆంగ్లాధికారుల నిరువురను రాజు దళమువారు హతమార్చిరి. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరము స్టేషనులపై దాడి జరిగెను. కాని అప్పటికి ప్రభుత్వము మేలుకొని ఆయుధములను ముందే తరలించి యుండుటచే మునుపటి లాభము కలుగలేదు.

ఇచ్చటనే ఆయన సంగ్రహముయొక్క బలహీనత బయటపడెను. పోలీసు తుపాకికి పోలీసు తూటాయే గావలెను. కాల్చిన తూటా మరల పుట్టదు. దానిని చేయు కార్ఖానా మన్యమున లేదు. స్టేషనులు వట్టిపోయినవెనుక ప్రతి పోరును ఉన్న నిధిని తరిగించుచు వచ్చెను. డిసెంబరు 6వ తేదీన పెద్దగడ్డపాలెమువద్ద మలబారు స్పెషల్ పోలీసులతో జరిగిన సంకులమున విప్లవకారులు తీవ్రముగా నష్టపడిరి. పిమ్మట అస్సాం రైఫిల్సు దళములు దిగెను. రాజు తలకు పదివేల రూపాయల వెల కట్టబడెను. సహాయము చేసిరను అనుమానముపై పల్లెలు బాధలకు లోనయ్యెను. అయినను మరి యేడాదిన్నర కాలము ఆయనను పట్టియిచ్చినవారు లేరు. తూటాలు తరిగినను ప్రజల విశ్వాసము తరుగలేదు.

1924 మే 7వ తేదీన మంప పరిసరములలో ఆయన పట్టుబడెను. న్యాయస్థానమునకు గొనిపోక, విచారణ లేక, కొయ్యూరులో చెట్టునకు గట్టి మేజరు గుడాలు కాల్పించెను. అప్పటికాయన వయస్సు ఇరువదియేడేండ్లైనను నిండలేదు. ఒకడు తీసికొనిన ప్రతి తూటాకు సంతకము చేసినవాడు. వేరొకడు చట్టము పేర వచ్చి చట్టమునే కాలరాచినవాడు. ఇరువురిలో ఆయుధమును ధరించు అర్హత ఎవరికి గలదో పాఠకులే నిర్ణయింపగలరు.

ఆయన మార్గముతో అందరును ఏకీభవింపలేదు. హింసను సమ్మతింపని గాంధీమహాత్ముడు సైతము 1929లో ఆయన ధైర్యత్యాగములను కొనియాడెను. నేడు ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 2022 ఏప్రిలులో ఆయన పేర జిల్లా యేర్పడెను. ఆ జూలైలో 125వ జయంతి సందర్భమున భీమవరమున 30 అడుగుల కంచువిగ్రహము ఆవిష్కరింపబడెను.

రివాల్వరు నెన్నుకొనదలచిన గృహస్థుడు మంచిదానినే యెన్నుకొనుగాక. అయితే అట్టి ఆయుధము పరాయి ప్రభుత్వమునాడు పేదవానిపై గురిపెట్టబడినదై యుండవచ్చునని మరువకుండుగాక. అద్దాల బీరువాలో దానిని నిలుపునాడు, దాని ప్రక్కన దాని చరిత్రను కూడ వ్రాసి యుంచుట ఉచితము. లెక్క లేని ఆయుధము ఎంత అందమైనదైనను ఇంటికి అలంకారము గాదు. అది ఇంటివారికి బరువు.