మూడు వేళ్ల మోర్డెకై

క్రికెట్‌లో బౌలర్ ఎలాగో, అమెరికాలో ఆడే బేస్‌బాల్‌లో పిచర్ అలాగ. అయితే అక్కడ బంతి నేలను తాకదు. గాలిలోనే వంపు తిరిగి బ్యాటర్‌ను మోసం చేయాలి. ఆ వంపంతా పిచర్ వేళ్ల పట్టులోనే ఉంటుంది. మరి కుడిచేతి చూపుడు వేలు లేని మనిషి ఈ పనికి పనికొస్తాడా? పనికొచ్చాడు. ఆయన పేరు మోర్డెకై బ్రౌన్.

బ్రౌన్ 1876లో ఇండియానా రాష్ట్రంలోని నైస్‌విల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అది అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండిన సంవత్సరం. అందుకే తల్లిదండ్రులు అతని పేరులో సెంటెన్నియల్ అనే మాట కూడా చేర్చారు.

చిన్నతనంలో ఒకరోజు పశువుల మేత ముక్కలు చేసే యంత్రంలో అతని కుడిచెయ్యి పడింది. మన పల్లెల్లోని చాఫ్ కట్టర్ లాంటిదే అది. చూపుడు వేలు చాలావరకు తెగిపోయింది. మిగతా వేళ్లూ దెబ్బతిన్నాయి. ఆ గాయం మానకముందే పిల్లవాడు మళ్లీ పడ్డాడు. విరిగిన వేళ్లు వంకరగానే అతుక్కున్నాయి. ఆ చెయ్యి ఇక ఎప్పటికీ అంతే.

ఎదిగాక బొగ్గు గనిలో పనికి వెళ్లాడు. తీరిక దొరికినప్పుడు గని కార్మికుల జట్టులో బేస్‌బాల్ ఆడేవాడు. మొదట అతను పిచర్ కాదు, మూడో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేవాడు. ఒక మ్యాచ్‌లో జట్టు పిచర్ గాయపడటంతో బంతి అతని చేతికి వచ్చింది. వంకర వేళ్ల మధ్య నుంచి, తెగిన వేలి మొండెం మీదుగా వెళ్లిన బంతి బ్యాటర్ దగ్గరకు వచ్చేసరికి ఉన్నట్టుండి కిందికి జారేది. అంతవరకూ లోపమనుకున్న చెయ్యి ఎవరికీ అంతుచిక్కని బంతి వేసింది.

అయినా దారి వెంటనే తెరుచుకోలేదు. 1901లో టెర్రె హోట్ జట్టుతో, మరుసటి ఏడాది ఒమాహా జట్టుతో చిన్న లీగుల్లో ఆడాడు. 1903లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున పెద్ద లీగులో అడుగుపెట్టేనాటికి అతనికి 26 ఏళ్లు. ఆ ఏడాది 9 గెలుపులు, 13 ఓటములు. ఒక్క సీజన్ కాగానే ఆ జట్టు అతన్ని షికాగో కబ్స్‌కు ఇచ్చేసింది.

అసలు కథ అక్కడే మొదలైంది. 1906లో బ్రౌన్ 26 మ్యాచ్‌లు గెలిచి, ఆరింట్లోనే ఓడాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున అతని ఖాతాలో పడిన ఎర్న్‌డ్ పరుగులు 1.04. అయితే ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌లో అతనే ఓడిపోయాడు, కప్పు చేజారింది. మరుసటి ఏడాది అదే వేదికపై డెట్రాయిట్‌కు ఒక్క పరుగూ ఇవ్వకుండా చివరి మ్యాచ్ గెలిపించాడు. 1908లో 29 విజయాలు సాధించాడు. ఆ అక్టోబరులో లీగ్ విజేతను తేల్చే మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లోనే బంతి అందుకుని, ఆ కాలపు మేటి పిచర్ క్రిస్టీ మాథ్యూసన్ జట్టుపై కబ్స్‌ను 4-2తో గెలిపించాడు. కబ్స్ ఆ ఏడాదీ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ తర్వాత మళ్లీ గెలవడానికి ఆ జట్టుకు 108 ఏళ్లు పట్టింది.

1916 సెప్టెంబరు 4న బ్రౌన్, మాథ్యూసన్ చివరిసారి ఎదురెదురుగా నిలిచారు. పెద్ద లీగులో ఇద్దరికీ అదే ఆఖరి మ్యాచ్. ఆరోజు గెలిచింది మాథ్యూసన్. మొత్తం మీద బ్రౌన్ ఖాతాలో 239 విజయాలు మిగిలాయి. తర్వాత టెర్రె హోట్‌లో పెట్రోలు బంకు నడుపుకుంటూ గడిపాడు. 1948లో కన్నుమూశాడు. బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 1949లో దక్కింది. అది చూడటానికి ఆయన లేడు.

దెబ్బ తగలడం వల్లే అతను గొప్పవాడయ్యాడని అనుకుంటే పొరపాటే. అలాంటి దెబ్బ ఏ పిల్లవాడికీ తగలకూడదు. గనిలో గడిచిన ఏళ్లు, చిన్న లీగుల్లో ఆడిన ఆటలు, ఓడిన మ్యాచ్‌లు కూడా ఆ విజయాల వెనక ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, ఆ చేతిని చూసి కూడా బంతి ఇచ్చిన తోటి కార్మికులు ఉన్నారు.

ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే మన కళ్లు ముందు తక్కువ మార్కులు వచ్చిన సబ్జెక్టు మీదే పడతాయి. పక్కింటి పిల్లల మార్కులూ గుర్తొస్తాయి. ఈ నెల కార్డు చూసేటప్పుడు మరో సంగతి కూడా ఆలోచించండి. మన అబ్బాయో అమ్మాయో అందరిలా చేయలేక, తనదైన పద్ధతిలో చేస్తున్న పని ఏదైనా ఉందా? ఉంటే, ఒక్కసారి బంతి వాళ్ల చేతికిచ్చి చూద్దాం.